గోదావరి గట్ల మీద చలికాలం: మారథాన్‌కి 16 వారాలు

మన డెల్టాలో పరిగెత్తేవాళ్ళకి ఏడాదిలో మంచి రోజులు నాలుగు నెలలే. మార్చి నుంచి ఎండ, జూన్ నుంచి ఉక్కపోత, ఆ తర్వాత వానలూ వరదలూ. కార్తీకమాసం వచ్చాక తెల్లవారుజామున గాలి చల్లబడుతుంది, ఫిబ్రవరి చివరికి మళ్ళీ వేడెక్కుతుంది. 42.195 కిలోమీటర్ల మారథాన్‌కి మొదటిసారి సిద్ధమయ్యేవాళ్ళకి కావలసింది కూడా సరిగ్గా ఇంత కాలమే.

కానీ ఇదే చలి మనిషిని తొందరపెడుతుంది. నేను మొదటిసారి సిద్ధమైన ఏడాది, నవంబరులో చల్లగాలి తగలగానే రోజూ వేగంగా పరిగెత్తాను. ఎండాకాలంలో ఆయాసపడిన దూరం తేలిగ్గా సాగిపోతుంటే ఆగబుద్ధి కాలేదు. సంక్రాంతి నాటికి మోకాలి కింద ముందు ఎముక వెంబడి నొప్పి పట్టుకుంది, మూడు వారాలు ఇంట్లో కూర్చున్నాను. ఎలాగో రేసుకి వెళ్ళాను గానీ 30వ కిలోమీటరు తర్వాత నడకే. ఆ పొరపాటు మీకు జరగకూడదని, ఆ తర్వాతి చలికాలాల్లో నేర్చుకున్నదంతా వరసగా రాస్తున్నాను.

ముందుగా చూసుకోవలసినవి

10 కిలోమీటర్లు హాయిగా పరిగెత్తగలిగి, కనీసం రెండు నెలలుగా వారానికి మూడు రోజులు పరిగెడుతూ ఉంటేనే ఈ 16 వారాల లెక్క మీకు సరిపోతుంది. ఇంకా అక్కడికి రాకపోతే ఈ చలికాలం 10 కిలోమీటర్లు పెట్టుకోండి, మారథాన్ వచ్చే ఏడాది చూద్దాం. 40 దాటినవాళ్ళు, బీపీ, షుగర్ ఉన్నవాళ్ళు, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులోనే గుండెపోటు వచ్చినవాళ్ళు ముందు డాక్టర్‌కి చూపించుకోవాలి. ఈసీజీ తీయించుకుని, ఆయన అవసరమంటే టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ గుండెని చూసే పరీక్ష) కూడా చేయించుకోండి. ఇది వాయిదా వేసే పని కాదు.

అయ్యప్ప మాల వేసుకునేవాళ్ళకి ఒక మాట. 41 రోజుల దీక్షలో చెప్పుల్లేకుండా తిరుగుతారు, చాలామంది ఒంటిపూట భిక్ష చేస్తారు. ఆ తిండితో 20 కిలోమీటర్ల పరుగు కుదరదు. అలవాటు లేకుండా తారురోడ్డు మీద వట్టి కాళ్ళతో పరిగెడితే అరికాలు, పిక్కలు రెండూ దెబ్బతింటాయి. దీక్ష రోజుల్లో నడక చాలు. మాల తీశాక మొదలుపెట్టి, ఇంకో రేసు చూసుకోండి.

బూట్లు సాయంత్రం పూట కొనండి, పొద్దుటికంటే అప్పుడు పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. బొటనవేలి ముందు ఒక వేలు వెడల్పు ఖాళీ ఉండాలి. వీలైతే రెండు జతలు ఉంచుకోండి. డిసెంబరు, జనవరిలో గట్టు మీద గడ్డి మంచుకి తడిసి ఉంటుంది, ఒక్క పరుగుకే బూట్లు నానిపోతాయి. వాటిని ఎండలో పెడితే జిగురు ఊడిపోతుంది. లోపల పాత న్యూస్‌పేపర్ కుక్కి నీడలో ఉంచితే మర్నాటికి ఆరతాయి. ఒక జత సుమారు 500 నుంచి 800 కిలోమీటర్ల దాకా పనికొస్తుంది కాబట్టి, పరిగెత్తిన దూరం ఒక పుస్తకంలో రాసుకుంటూ ఉండండి.

తేదీ పెట్టుకుని వెనక్కి లెక్కేయడం

ముంబయి మారథాన్ జనవరి మూడో ఆదివారం జరుగుతుంది. దానికి కావాలంటే మీరు అక్టోబరు మొదట్లోనే మొదలుపెట్టాలి. అప్పటికి మనకి వానలు తగ్గవు, గాలిలో తేమ పోదు. పైగా ముంబయి దారిలో కాళ్ళు అలిసిపోయిన చివరి భాగంలో పెద్దార్ రోడ్డు ఎక్కుడు వస్తుంది. చదునైన నేల మీద పెరిగిన మన కాళ్ళకి మొదటిసారే అది ఎందుకు? ఫిబ్రవరి చివర్లో ఢిల్లీలో జరిగే మారథాన్ మనకి బాగా కుదురుతుంది. దారి చదును, వాతావరణం చల్లన. నవంబరు రెండో వారంలో మొదలుపెడితే సరిగ్గా 16 వారాలు. నేను కింద చెప్పే లెక్కంతా దానికే.

వేగం సంగతి

ఈ మొత్తంలో ఒక్క విషయమే గుర్తుంటుందంటే, అది ఇదే కావాలి: వారంలో మీరు పరిగెత్తే దూరంలో ఎక్కువ భాగం, ఐదింట నాలుగు వంతులు, మాట్లాడుకుంటూ వెళ్ళగలిగే వేగంలో ఉండాలి. పక్కనున్న మనిషికి నిన్న రాత్రి ఇంట్లో ఏం వండారో, ఎలా వండారో ఆయాసం లేకుండా చెప్పగలగాలి. ఒంటరిగా వెళ్తుంటే చిన్నప్పుడు బళ్ళో నేర్చుకున్న ఆటవెలది ఏదైనా పైకి చదవండి. ఒక్కో పాదం ఊపిరి తెగకుండా వస్తే మీ వేగం సరైనదే. పాదం మధ్యలో గాలి పీల్చుకోవాల్సి వస్తే తగ్గించండి.

కారణం తెలిస్తే ఓపిక వస్తుంది. పరుగు మొదలుపెట్టిన కొన్ని వారాల్లోనే గుండె, ఊపిరితిత్తులు మెరుగుపడతాయి. ఎముకలు, కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే స్నాయువులు గట్టిపడటానికి మాత్రం నెలలు పడుతుంది. అంటే డిసెంబరులో మీ ఊపిరి ‘ఇంకా వేగంగా పో’ అంటుంది, కాలి ఎముక ఇంకా అందుకు సిద్ధంగా ఉండదు. నాకు జరిగింది అదే. రెండో కారణం ఇంధనం. ఒంట్లో పిండిపదార్థం నిల్వ పరిమితం. వేగంగా పోతే అది గబగబా కరిగిపోతుంది. నెమ్మదిగా ఎక్కువసేపు పరిగెడుతూ ఉంటే ఒంట్లోని కొవ్వుని వాడుకోవడం శరీరానికి బాగా అలవాటవుతుంది. మారథాన్‌లో 30 దాటాక మనిషిని నిలబెట్టేది ఆ అలవాటే.

అంకెల్లో చెప్పాలంటే, 10 కిలోమీటర్లు గంటలో వెళ్ళేవాళ్ళు మొదటి మారథాన్‌కి కిలోమీటరుకి 7 నిమిషాలు పెట్టుకోవచ్చు. ఆ లెక్కన మొత్తం 4 గంటల 55 నిమిషాలు. ఆదివారం పెద్ద పరుగు మాత్రం కిలోమీటరుకి ఏడున్నర నుంచి 8 నిమిషాల మధ్య ఉండాలి. మొదట్లో ఇది నడకలా అనిపిస్తుంది. సైకిళ్ళ మీద పాలవాళ్ళు దాటిపోతారు. పోనివ్వండి.

ఇంకొకటి: మన దగ్గర తెల్లవారుజామున చలి ఉన్నా గాలిలో తేమ చాలా ఎక్కువ. చెమట ఆరదు, ఒంటి వేడి బయటికి పోదు. అందుకే ఒక్కోరోజు ఎంత నెమ్మదిగా వెళ్ళినా భారంగా ఉంటుంది. అలాంటి రోజు వాచీని పట్టించుకోకండి, ఊపిరినే చూసుకోండి.

ఎక్కడ పరిగెత్తాలి

పరుగుకి మన డెల్టా చాలా మంచి చోటు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక తవ్విన కాలువల గట్లు ఊరూరికీ ఉన్నాయి. గోదావరి పాయల వెంట ఏటిగట్లు ఉన్నాయి. ఊరి నుంచి చేలల్లోకి పుంత రోడ్లు ఉన్నాయి. పెద్ద ఊళ్ళలో ఉండేవాళ్ళకి ఇంత నేల దొరకదు.

కాలువ గట్టు మీద మట్టి దారి మోకాళ్ళకి మేలు చేస్తుంది. వారం మధ్యలో చేసే చిన్న పరుగులన్నీ దాని మీదే పెట్టుకోండి. మారథాన్ తారురోడ్డు మీద జరుగుతుంది కాబట్టి ఆదివారం పెద్ద పరుగులో సగమైనా తారు మీద ఉండాలి. బొబ్బర్లంక నుంచి లొల్ల లాకులు, ఆత్రేయపురం మీదుగా రావులపాలెం వైపు వెళ్ళే కాలువ పక్క రోడ్డు నాకు చాలా ఇష్టం. ఒక పక్క నీళ్ళు, ఒక పక్క చెట్లు, మలుపులు తక్కువ. శనివారం మాత్రం అటు వెళ్ళకండి. ఏడు శనివారాల మొక్కు ఉన్న భక్తులు వాడపల్లి వెంకన్న దగ్గరికి తెల్లారకముందే బయల్దేరతారు, దారంతా కార్లు, ఆటోలు, కాలినడకన వచ్చేవాళ్ళు.

రాజమండ్రి వైపు వాళ్ళకి ధవళేశ్వరం బ్యారేజీ ఉంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా గోదావరిని దాటే ఆ రోడ్డు తెల్లవారుజామున బాగుంటుంది గానీ, ఇరుకు. వెలుతురు వచ్చాకే వెళ్ళండి.

గట్టు దారికి ఒక లోపం ఉంది, చాలామంది గమనించరు. అది ఒక పక్కకి వాలి ఉంటుంది. ఎప్పుడూ ఒకే వాలు మీద పరిగెడితే ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి అయినట్టు పడుతుంది. నెల తిరిగేసరికి మోకాలి బయటి పక్కన నొప్పి మొదలవుతుంది. వెళ్ళేటప్పుడు గట్టుకి ఏ అంచున వెళ్ళారో తిరిగి వచ్చేటప్పుడూ అదే అంచున రండి. అప్పుడు వాలు రెండు కాళ్ళకీ సమానంగా పడుతుంది. తారురోడ్డు మీద మాత్రం ఎప్పుడూ కుడిపక్కనే, ఎదురుగా వచ్చే బండి కళ్ళకి కనబడేలా వెళ్ళాలి.

చదును నేలకి ఇంకో ఇబ్బంది: ఎక్కుడూ దిగుడూ లేకపోతే అవే కండరాలు అదే పని గంటల తరబడి చేస్తాయి, త్వరగా బిగుసుకుపోతాయి. మనకి కొండలు లేవు, వంతెనలు ఉన్నాయి. యానాం–ఎదుర్లంక వారధి, దిండి దగ్గర చించినాడ వంతెన, లేదా మీ దగ్గర హైవే ఫ్లైఓవర్ ఎక్కుడు రోడ్డు. పది రోజులకోసారి అక్కడికి వెళ్ళి, ఎక్కేటప్పుడు చిన్న అడుగులతో కాస్త బలంగా, దిగేటప్పుడు నడుచుకుంటూ, ఆరుసార్లు చేయండి. బండ్లు ఎక్కువ తిరిగే వేళ వద్దు, ఫుట్‌పాత్ లేని వంతెన అసలు వద్దు.

ఇక ఈ నాలుగు నెలల్లో మన రోడ్ల మీద ఉండే ప్రత్యేకమైన ప్రమాదం ధాన్యం. సార్వా కోతలు, మాసూళ్ళు అయ్యాక రోడ్డుకి ఒక పక్కంతా వడ్లు ఆరబోస్తారు. బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్ళు పెడతారు. రాత్రిపూట బరకాలు కప్పి, పక్కనే కాపలాకి మనిషి పడుకుంటాడు. చీకట్లో, మంచులో ఆ రాళ్ళు కనబడవు. రైతు ఏడాది కష్టం మీద కాలు వేయకూడదు, మన చీలమండ విరగనూకూడదు. నవంబరు, డిసెంబరులో తలకి కట్టుకునే లైటు తప్పనిసరి. వెలుగు పడితే మెరిసే పట్టీలున్న జాకెట్ కూడా వేసుకోండి. ధాన్యం ఉన్న రోడ్డుని వదిలేసి వేరే దారి చూసుకోవడం ఇంకా మంచిది. చేలల్లో గడ్డి తగలబెట్టే సాయంత్రాలు ఆరుబయట పరుగు మానేయండి. ఆ పొగ పొద్దుటికి మంచుతో కలిసి కిందనే నిలిచి ఉంటే ఆ పూట కూడా ఇంట్లోనే ఉండండి, ఉబ్బసం ఉన్నవాళ్ళయితే మరీ. భీమవరం వైపు చెరువుల ఊళ్ళలో చేపల లారీల నుంచి కారే నీళ్ళకి రోడ్డు జారుతుంది, అదీ చూసుకోవాలి.

ఆడవాళ్ళు చీకట్లో గట్టు మీదకి ఒంటరిగా వెళ్ళకండి. ఇది మీ ధైర్యానికి సంబంధించిన మాట కాదు, గట్ల మీద దీపాలుండవు, సాయం అడగడానికి మనిషి ఉండడు. ఇద్దరో ముగ్గురో కలవండి, ఫోన్‌లో లైవ్ లొకేషన్ ఇంట్లోవాళ్ళకి పెట్టండి, ఆరు తర్వాత మొదలుపెట్టండి. చలికాలంలో ఎనిమిదింటి దాకా ఎండ ఇబ్బంది పెట్టదు. కుక్కల విషయంలో అందరికీ ఒకటే: పరుగు ఆపి నడవండి, వాటి కళ్ళలోకి చూడకండి, దాటాక మళ్ళీ మొదలుపెట్టండి.

వారం ఎలా ఉండాలి

నాలుగు రోజులు పరుగు చాలు. మంగళవారం 6 నుంచి 8 కిలోమీటర్లు నెమ్మదిగా. గురువారం 8 కిలోమీటర్లు. అందులో మొదటి రెండూ చివరి రెండూ నెమ్మదిగా, మధ్యలో నాలుగు మాత్రం రెండు మూడు మాటలకి మించి అనలేనంత వేగంగా. వంతెన ఎక్కుడు చేసే వారం ఆ గురువారమే దానికి వాడుకోండి. శనివారం 5 కిలోమీటర్లు, కాళ్ళు వదులు కావడానికి. ఆదివారం పెద్ద పరుగు.

సోమ, శుక్రవారాల్లో ఇంట్లోనే 20 నిమిషాలు కండరాల పని. గుంజీలు 15 చొప్పున మూడుసార్లు. బళ్ళో శిక్షగా తీయించినవే, తొడలకి ఇంతకంటే మంచి కసరత్తు నాకు తెలియదు. గుమ్మం మెట్టు అంచున మునివేళ్ళ మీద నిలబడి మడమలు పైకి లేపి దించడం 15 చొప్పున మూడుసార్లు. ఇది పిక్కలకీ, మోకాలి కింది ఎముకకీ కవచం లాంటిది. మోచేతుల మీద బోర్లా బిగబట్టి అర నిమిషం నుంచి నిమిషం దాకా ప్లాంక్. నేను రెండో ఏడాది ఈ మూడూ మానకుండా చేశాను, ఆ నొప్పి మళ్ళీ రాలేదు.

ఆదివారాలు: కార్తీకం నుంచి ఫిబ్రవరి దాకా

మొదటి మూడు ఆదివారాలు 12, 14, 16 కిలోమీటర్లు. నాలుగో ఆదివారం వెనక్కి తగ్గి 12. ఈ తగ్గే వారాలు సోమరితనం కాదు, ఒళ్ళు తనని తాను బాగుచేసుకునేది అప్పుడే. నవంబరంటే మనకి అల్పపీడనాలు, వాయుగుండాల కాలం కూడా. 1996 నవంబరు తుపాను చూసిన పెద్దవాళ్ళు మన ఇళ్ళల్లో ఇంకా ఉన్నారు. గాలి మొదలైందని వాళ్ళు వద్దంటే ఆ మాట వినండి. వానకి తప్పిపోయిన పరుగుని మర్నాడు కలిపి చేయకండి. పోయింది పోయినట్టే, తర్వాతి రోజు లెక్క ప్రకారం వెళ్ళండి. వాన వెలిశాక రెండు మూడు రోజులు నల్లమట్టి గట్టు ఎక్కకండి, బూటుకి కిలో మట్టి అంటుకుని అడుగు వంకర పడుతుంది.

డిసెంబరులో 18, 20, 22, మళ్ళీ తగ్గి 16. డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం మొదలవుతుంది. ఏ ఊరి గుడి దగ్గరైనా తెల్లారకముందే మైకు వినిపిస్తుంది, మనుషులు మేలుకుని ఉంటారు, దీపాలు వెలుగుతుంటాయి. పెద్ద పరుగుకి ఇంతకంటే మంచి నెల లేదు. గుడి నుంచి గుడికి దూరం కొలుచుకుని దారి గీసుకోండి, మధ్యలో నీళ్ళకి ఇబ్బంది ఉండదు. దాళ్వా ఊడ్పులు కూడా అప్పుడే మొదలవుతాయి. ట్రాక్టర్లు చేలోంచి రోడ్డెక్కిన చోట తడిమట్టి ఉంటుంది, అక్కడ నడవండి.

జనవరి మొదటి ఆదివారం 24, రెండో ఆదివారం 26. ఆ వెంటనే సంక్రాంతి. భోగి తెల్లవారుజామున ఊరంతా మంటలు, పొగ. ఆ రోజు పరుగు లేదు, పిల్లలతో మంట దగ్గర కూర్చోండి. పండగ మూడు రోజులూ కలిపి ఒక్కసారి 5 కిలోమీటర్లు వెళ్ళినా చాలు. రోడ్లన్నీ చుట్టాల కార్లతో, కోడిపందాల బరుల దగ్గర జనంతో నిండి ఉంటాయి. పండగ తర్వాతి ఆదివారం 18 మాత్రమే. ఆ తర్వాత వచ్చే రెండు ఆదివారాలే అసలైనవి: జనవరి చివర 28, ఫిబ్రవరి మొదట 30. అంతకు మించి వద్దు. 42 ఒకసారి పరిగెత్తి చూసుకుంటే ధైర్యం వస్తుందని కొందరు అంటారు. ఆ దెబ్బ నుంచి కోలుకోవడానికి మీ దగ్గర వారాలు మిగలవు. 30 తర్వాత 20, ఆ తర్వాత 12, ఆపైన రేసు.

చివరి మూడు వారాలు దూరం తగ్గుతుంటే టెన్షన్ పెరుగుతుంది. మరచిపోతున్నామేమో, ఇంకొక్కసారి వేగంగా వెళ్ళి చూసుకుందామా అనిపిస్తుంది. వద్దు. ఇన్ని వారాల పరుగుకి ఫలితం ఒంటికి పట్టేది ఈ విశ్రాంతిలోనే.

తిండి, నీళ్ళు

ఒంట్లో ఉన్న పిండిపదార్థం నిల్వ సుమారు రెండు గంటల పరుగు దాకా సరిపోతుంది. ఆ తర్వాత తినకపోతే 30వ కిలోమీటరు ప్రాంతంలో కాళ్ళు ఉన్నట్టుండి సీసంలా బరువెక్కుతాయి. అందుకే గంటన్నర దాటే ప్రతి పరుగులో, మొదటి 45 నిమిషాల నుంచే, గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్ళాలి. ఆకలి వేసేదాకా ఆగితే ఆలస్యమైనట్టే.

పరుగులో తినడానికి అమ్మే తియ్యటి జెల్ ప్యాకెట్లు తెప్పించుకోవచ్చు. కానీ మన దగ్గర ఉన్నదేం తక్కువ కాదు. మాదిరి సైజు అరటిపండులో 20 నుంచి 25 గ్రాములు ఉంటుంది. బొటనవేలంత బెల్లం ముక్కలు నాలుగైదు చిన్న కవర్లో జేబులో పెట్టుకోవచ్చు, గింజ తీసిన ఖర్జూరాలు కూడా. ఏది తిన్నా వెంటనే రెండు గుక్కల నీళ్ళు తాగాలి. ఏది మీ పొట్టకి పడుతుందో డిసెంబరు ఆదివారాల్లోనే తేల్చుకోండి, రేసు రోజు అదే తినండి. పూతరేకులు, సున్నుండలు, అరిసెలు పరుగు మధ్యలో వద్దు. నెయ్యి, నూనె ఉన్నవి ఆ సమయంలో అరగవు. పరుగయ్యాక రెండు సున్నుండలు మాత్రం అమృతమే: మినుములో ప్రోటీను, బెల్లంలో శక్తి.

చెమట ఎంత పోతుందో ఒకసారి కొలుచుకోండి. గంట పరుగుకి ముందూ తర్వాతా తక్కువ బట్టలతో బరువు చూసుకోండి. ఇంట్లో మిషన్ లేకపోతే వడ్లు తూచే ఎలక్ట్రానిక్ కాటా ఉన్న చోట అడగండి. కిలో తగ్గితే లీటరు చెమట పోయినట్టు. అంతా తిరిగి పోసుకోనక్కర్లేదు. దాహాన్ని బట్టి గంటకి 400 నుంచి 800 మిల్లీలీటర్లు తాగితే చాలామందికి సరిపోతుంది. ఉత్త నీళ్ళు లీటర్ల కొద్దీ తాగితే రక్తంలో ఉప్పు పలచబడి ప్రాణం మీదకి వస్తుంది, ఇది మాత్రం గుర్తుపెట్టుకోవాలి.

కోనసీమలో ఉండి కొబ్బరి బొండం గురించి చెప్పకపోతే ఎలా? బొండంలో పొటాషియం బాగా ఉంటుంది. చెమటలో ఎక్కువగా పోయేది మాత్రం సోడియం, బొండంలో అది తక్కువ. కాబట్టి పెద్ద పరుగయ్యాక బొండం తాగండి, అందులో చిటికెడు ఉప్పు వేసుకోండి. పరుగు మధ్యలో అయితే ఓఆర్ఎస్ మేలు, ఒక పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్ళలో. ఎంత నీళ్ళలో కలపాలో ప్యాకెట్ మీద రాసి ఉంటుంది, చూసి కలపండి. సీసాలు మోసుకుంటూ తిరగక్కర్లేదు. ఇల్లు మధ్యలో వచ్చేలా 5 కిలోమీటర్ల చుట్టు దారి పెట్టుకోండి, అరుగు మీద సీసా ఉంచుకోండి.

పరుగయిన గంటలోపు తినాలి. పెసరట్టు, గుడ్లు, పెరుగన్నం, ఏదైనా సరే. కార్తీకంలో నీసు మానేసేవాళ్ళు పెసలు, శనగలు, పాలు, పెరుగు పెంచుకోండి, లేకపోతే కండరం కోలుకోదు.

నొప్పి వస్తే

కండరాల నొప్పి రెండు రోజుల్లో పోతుంది, దానితో నెమ్మదిగా పరిగెత్తవచ్చు. ఒక్క చోట వేలు పెట్టి చూపించగల నొప్పి, పరిగెడుతుంటే పెరిగే నొప్పి, అడుగు వేసే తీరుని మార్చేసే నొప్పి వేరు. అది వస్తే అక్కడికక్కడే ఆగి ఆటోలో ఇంటికి రండి. వారం ఆపి చూడండి, తగ్గకపోతే ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. నొప్పి మాత్ర వేసుకుని పరిగెత్తడం మాత్రం ఎప్పుడూ చేయకండి. ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు ఆ మాత్రలు మూత్రపిండాలకి హాని చేస్తాయి. ఛాతీలో బరువు, కళ్ళు తిరగడం ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

తొడలు, చంకలు ఒరుసుకుపోకుండా బయల్దేరే ముందు కొబ్బరినూనె గానీ వాజిలిన్ గానీ రాసుకోండి. కాటన్ బనీను తడిసి బరువెక్కుతుంది, పాలిస్టర్ టీషర్టు మేలు.

ప్రయాణం, రేసు

రాజమండ్రి నుంచి ఢిల్లీకి రైల్లో ఒక రోజు దాటుతుంది. రేసుకి రెండు రోజుల ముందు అక్కడ దిగేలా టికెట్ తీసుకోండి, డిసెంబరులోనే. రైల్లో గంటకోసారి లేచి బోగీ చివరి దాకా నడవండి. తినడానికి ఇంటి నుంచి అటుకులు, బెల్లం, అరటిపళ్ళు పట్టుకెళ్ళండి. తెలియని చోట తెలియని తిండి ఆ రెండు రోజులూ వద్దు. చివరి రెండు రోజులు అన్నం ఎక్కువ తిని, ఆకుకూరలు, పప్పులు, వేపుళ్ళు, ఊరగాయ తగ్గించండి. బిబ్ నంబరు (ఛాతీ మీద తగిలించుకునే రేసు నంబరు) చాలా చోట్ల ముందు రోజే స్వయంగా వెళ్ళి తీసుకోవాలి, గుర్తింపు కార్డు మరచిపోకండి.

ఢిల్లీలో ఫిబ్రవరి తెల్లవారుజాము మనకి అలవాటైన చలి కాదు. పాత చొక్కా ఒకటి పైన వేసుకుని వెళ్ళండి, వెచ్చబడ్డాక తీసేయవచ్చు. రెండున్నర, మూడు గంటల ముందు నాలుగు ఇడ్లీ, కారం లేకుండా. కొత్త బూట్లు, కొత్త మేజోళ్ళు వద్దు.

మొదలయ్యాక చుట్టూ వేలమంది పరిగెడుతుంటారు, డప్పులు మోగుతుంటాయి. నవంబరు చల్లగాలి నన్ను లాగినట్టే ఆ సందడి మిమ్మల్ని లాగుతుంది. మొదటి 10 కిలోమీటర్లు కిలోమీటరుకి 7:10, 7:15 దగ్గర ఉండండి. జనం దాటిపోతూనే ఉంటారు. ఆటవెలది గుర్తుంది కదా, మెల్లగా అనుకోండి. 10 నుంచి 30 దాకా 7 నిమిషాలు. నీళ్ళ బల్ల వచ్చిన ప్రతిసారీ నడుస్తూ తాగండి, ఆ అర నిమిషం వృథా కాదు. 30 దాటాక దూరాన్ని మొత్తంగా తలుచుకోకండి. మీ ఊరి గట్టు మీద ఏ మంగళవారమైనా పరిగెత్తిన దారినే ముందు పెట్టుకోండి: ఇక్కడ లాకులు, ఇక్కడ గుడి, ఇక్కడ రేవు. పిక్క పట్టేస్తే ఆగి, గోడకో చెట్టుకో చేతులు ఆనించి, మడమ నేలకి నొక్కి అర నిమిషం సాగదీయండి. తర్వాత వంద అడుగులు నడిచి మళ్ళీ మొదలుపెట్టండి.

గీత దాటాక వెంటనే కూర్చోకండి. పది నిమిషాలు నడవండి, పొడి చొక్కా మార్చుకోండి, ఓఆర్ఎస్ కొంచెం కొంచెంగా తాగండి, గంటలోపు ఏదైనా తినండి. రెండు మూడు రోజులు మెట్లు దిగడం కష్టంగా ఉంటుంది, అది మామూలే. ఇంటికొచ్చాక మొదటి వారం పరుగు లేదు. సాయంత్రం పూట గట్టు మీద నడక, రాత్రి ఎనిమిది గంటల నిద్ర. రెండో వారం చివర్లో, ఎక్కడా నొప్పి లేకపోతే, 4 కిలోమీటర్లు. మాట్లాడుకునే వేగంలోనే.